మరణ కారణం గడిలో నేను రాసింది

మట్టిలో ఊపిరి ఊది మనిషిని నిలబెట్టిన దేవునికి మహిమ. నాలాంటి తెలివితక్కువవాడి చేతికి తన మందిరపు పుస్తకాలిచ్చి ఇన్నేళ్లు ఓర్చుకున్న ఆయన సహనానికి వేయి స్తోత్రాలు. నేను చెప్పబోయేది ఆ సహనం సంగతే.

పామర్రు దగ్గర మా ఊరి సంఘానికి నేను చాలా ఏళ్లుగా కార్యదర్శిని. బడిపంతులుగా రిటైరయ్యాను గాని ఈ పదవిలోంచి దిగమని ఎవరూ అడగలేదు. అడిగే సందు నేనూ ఇవ్వలేదు. నా అధికారమంతా ఒక బీరువా తాళం. అందులో సంఘంలో పుట్టినవారి, చనిపోయినవారి రిజిస్టర్లుంటాయి. అన్నిటికన్నా పాతది తెల్లదొరల కాలంలో ఒక మిషనరీ దొరసాని తెలుగు నేర్చుకుని తన చేత్తో రాసింది. మరణ కారణం అనే గడిలో ఆమె ఏదీ దాచలేదు. ‘కలరా. తెల్లవారి వాంతులు, పొద్దుగూకులోగా పోయెను.’ ‘మశూచి. ఇంట ముగ్గురు.’ ‘బిడ్డ అడ్డము తిరిగి.’ ఒకచోట ‘తాటిచెట్టు నుండి పడి. కల్లు త్రాగి యుండెను’ అని కూడా ఉంది. ఆ పడిన మనిషి మా ముత్తాత. ఆ పుస్తకమంటే నాకు మొదటినుంచీ గిట్టకపోవడానికి అదే కారణమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కార్యదర్శినైన మొదటి నెలలోనే సంస్కరణ మొదలుపెట్టాను. దేవుని మందిరంలో ఉండే పుస్తకంలో వాంతులేమిటి, కల్లేమిటి? అప్పటినుంచి చనిపోయిన ప్రతివారికీ ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో ‘ప్రభువు పిలుపు’ అని రాస్తూ వచ్చాను. దీని మీద సంఘ వార్షికోత్సవంలో ముప్పావుగంట ప్రసంగించాను. ఎవరూ నిద్రపోలేదనే అనుకున్నాను.

పోయిన నెల మా సంఘంలోనే, నాలుగు నెలల కిందట భర్తను పోగొట్టుకున్న ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్ల పదో తరగతి. ఖోఖోలో జిల్లా జట్టుకు ఎంపికైంది. పరుగెత్తుతూ రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. గవర్నర్‌పేటలో గుండె డాక్టరు పరుగు ఆపించి, ఒక కాగితం ఇచ్చారట. తండ్రి వైపు ఎవరెవరు, ఏ వయసులో, ఎలా పోయారో అందులో రాసుకురావాలి.

“మా ఆయన ట్రాక్టరు దిగుతా దిగుతా కూలిపోయాడని చెప్పానండి. మరి మావగారు, చినమావగారు ఎట్టా పోయారో నాకేం తెలుసు మాస్టారూ? నేను కాపురానికొచ్చేసరికే ఇద్దరూ లేరు. అత్తగారూ పోయె. మీ పుస్తకంలో ఉంటదంట కదండీ?”

“ఉండకపోవడమేంటమ్మా!” అన్నాను, పుస్తకం తెరవకుండానే.

మర్నాడు నేను రాసిన రిజిస్టరూ, దొరసాని పుస్తకమూ సంచిలో పెట్టుకుని వాళ్లతో బస్సెక్కాను. కార్యదర్శి స్వయంగా వస్తే డాక్టరుగారికీ గౌరవంగా ఉంటుందనిపించింది.

డాక్టరుగారు నా రిజిస్టరు పేజీలు తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు.

“మీ ఊళ్లో అందరికీ ఇదే జబ్బాండీ?”

“అంటే, విశ్వాసులకండీ...” అని మొదలుపెట్టాను.

“పిలిచేదెవరో నాకూ తెలుసు మాస్టారూ, ఇప్పుడే నమాజు చేసుకొచ్చాను. ఈ పిల్లని పరుగెత్తనియ్యాలా వద్దా తేల్చాలి నేను. ఎలా పోయారో చెప్పండి.”

దొరసాని పుస్తకం ముందుకు జరిపాను. పిల్ల తండ్రికి ముత్తాత పేరు అందులో దొరికింది. ‘నాట్ల చేలో నిలువున కూలి. వయస్సు నలుబది. జ్వరము లేదు, నొప్పి లేదు. అన్నయు ఇట్లే.’ డాక్టరుగారు దాన్ని జాగ్రత్తగా కాగితంలోకి ఎక్కించుకున్నారు.

“ఎవరో గాని బాగా రాశారండీ. మధ్యలో ఉన్న ఆ ఇద్దరిదీ ఇలాగే కావాలి.”

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ మా ఆవిడతో సంగతి చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

“పెద్దాయన కాలవలో గేదెని కడుగుతా కడుగుతా పోయాడు. తమ్ముడు పెళ్లి ఊరేగింపులో డప్పుల ముందు ఎగురుతా పడిపోయాడు. ఇద్దరికీ నలభై దాటలా.”

“నీకెలా తెలుసు?”

“చావింట్లో మీరు బయట కుర్చీలేసుకుని ఏ పాట పాడాలా అని తగువులాడుకుంటారు. మేం లోపల చాప మీద కూర్చుంటాం. అక్కడ చెప్పుకునేది అదే కదండీ, ఎట్టా పోయాడని.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదే?”

“మీరు అడిగితేగా! రాసేసుకుని వచ్చి, ఎంత బాగా రాశానో చూడవే అనేవోరు.”

డాక్టరు కాగితం మీద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. కాలవ, గేదె, డప్పులు, అన్నీ. నా జీవితంలో పనికొచ్చే మాట రాయడం అదే మొదలేమో. అది చదివి డాక్టరుగారు పిల్లకు పెద్ద పరీక్షలు చేయాలన్నారు. ఇలాంటిది తరాలుగా దిగుతుందనీ, ముందే కనిపెడితే మందో మార్గమో ఉంటుందనీ చెప్పారు.

వచ్చే మంగళవారం ఆ పరీక్షలు. నిన్న ఆరాధన అయ్యాక పిల్ల నా దగ్గరికి వచ్చి, “మళ్లీ ఆడొచ్చంటారా తాతగారూ?” అని అడిగింది. అలవాటుగా ఒక బైబిలు వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, “నాకు తెలీదమ్మా” అన్నాను. పిల్ల తలూపి చెప్పులేసుకుని మెల్లగా నడిచి వెళ్లింది. ఆ వయసు పిల్ల అంత మెల్లగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

చదువుతున్న మీరు ఏ గుడికి వెళ్లేవారైనా సరే, మంగళవారం దాకా ఆగక ఇప్పుడే నాతోపాటు తల వంచండి. నాలా పెద్ద మాటలు వెతకొద్దు. ఆ పిల్ల గుండె తిన్నగా కొట్టుకోవాలని, ఆమెను మళ్లీ పరుగెత్తనివ్వమని అడగండి, చాలు.