కుంట పచ్చబడిన ఏడు

కన్నడ రాష్ట్రం అంచున, మంగళవాడకు పోయే దారిలో మా చేను కింద ఒక చిన్న చెరువు ఉండేది. మేం దాన్ని కుంట అనేవాళ్ళం. ఎనభైల చివర్లో రెండేళ్ళు వరుసగా వానలు లేక అది అడుగు దాకా ఎండిపోయింది. వేసిన వేరుశనగ విత్తనం మట్టిలోనే పోయింది. ఎద్దులను అమ్ముకున్నాం. మిగిలినవి నలభై గొర్రెలు. వాటిని బతికించుకోవడం తప్ప మా ఆయన ఆ రెండేళ్ళూ వేరే ఏదీ తలచలేదు. వాళ్ళ తాతల నాడు ఆ ఇంటికి పొలం లేదు, మంద మాత్రమే ఉండేది. గొర్రెల బేరగాడు వచ్చినప్పుడల్లా ఆయన లేచి చేలోకి వెళ్ళిపోయేవాడు. మా అత్తే అతనికి మజ్జిగ ఇచ్చి పంపించేది.

ఎండిన కుంట అడుగున తుమ్మచెట్ల నీడ ఉంది, చుట్టూ గట్టు ఉంది. ఆ వేసవి అంతా ఆయన మందను రోజూ చీకటి పడ్డాక అక్కడే ఆపాడు. మామూలు ఏడైతే, కుంట ఎండగానే ఊళ్ళోవాళ్ళు బండ్లు కట్టి అడుగున ఉన్న వండ్రుమట్టిని గొర్రెల పెంటికలతో సహా చేలకు తోలుకునేవాళ్ళు. ఆ ఏడు చాలామందికి ఎద్దులు లేవు. ఉన్నవాళ్ళకు వాన మీద నమ్మకం లేదు. నాలుగు నెలల పెంటికలు ఉన్నచోటనే పొడై పరుచుకున్నాయి.

కుంటకు ఎగువన ఉన్న చేను మా అత్తకు తమ్ముడి వరస అయ్యే ఒకాయనది. మా ఆయన ఆయన్ని మామా అనేవాడు, నేను చిన్నాయనా అనేదాన్ని. ఆయనకు బోరు ఉంది. ఆషాఢంలో బోరు తడి పెట్టి వేరుశనగ వేశాడు, చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేశాడు, డీఏపీ చల్లాడు. రెండు రోజులకు వాన వచ్చింది. ఒకే ఒక మధ్యాహ్నం కురిసిన వాన. చల్లిన ఎరువులో సగం, చేలో పైమట్టి, అన్నీ కుంటలోకి కొట్టుకొచ్చాయి. కుంట సగం నిండింది. మా ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చాలాసేపు నిలబడ్డాడు.

మళ్ళీ చినుకు లేదు. ఎండ తగ్గలేదు. నెల తిరిగేసరికి నీళ్ళు పెసర కట్టు రంగుకు వచ్చాయి. ఇంకో పది రోజులకు పైన ఆకుపచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కట్టింది. పడమటి గాలి ఆ తెట్టునంతా తూర్పు రేవుకు నెట్టేది. గొర్రెలు దిగడానికి వాలు ఉన్నది ఆ రేవు ఒక్కటే. దగ్గరికి పోతే కుళ్ళిన గడ్డి వాసన.

ఆ వాసన నాకు నచ్చలేదు. నాలుగు రోజులు ఊళ్ళో చేతిపంపు దగ్గర గొర్రెలకు నీళ్ళు కొట్టాను. ఆ నీళ్ళతో మా ఊరి పిల్లల పళ్ళకు గార పట్టేది, అయినా కరువులో దానికే బారు తీరేది. అయిదో రోజు ఆడవాళ్ళు నన్ను ఆపేశారు.

"మనుషులకే బిందె నిండదు, నువ్వు గొర్లకు కొడతాండావా?"

"వాటికీ రేషన్ కార్డు రాయించుకొని రామ్మా, అప్పుడు బారులో నిలబెడదాం."

నవ్వారు, కానీ పక్కకు జరగలేదు. ఇంటికొచ్చి కుంట నీళ్ళు వద్దని మా ఆయనతో అన్నాను. పాచి పట్టిన నీళ్ళు మంచివి కావని ఎక్కడో చదివినట్టు గుర్తు.

"పాసి పట్టని కుంట యాడుంది?" అన్నాడు. "పుస్తకం ఏ పొద్దన్నా గొర్రెను కాసిందా?"

నేను పీయూసీ దాకా చదివాను. ఆ మాట మా ఇంట్లో తరచుగా వినబడేది. కోపంతో కాదు, పరిహాసంగా. అయినా ఆ తరువాత నేను ఏదైనా చెప్పబోయే ముందు అది గుర్తుకొచ్చేది.

భాద్రపదంలో ఒకరోజు పొద్దెక్కాక ఆయన మందను కుంటకు దగ్గర్లోనే ఉన్న మా ఇంటి ముందుకు పరుగెత్తించుకొచ్చాడు. అప్పటికే కొన్ని దారిలో పడిపోయాయి. వచ్చినవాటిలో నాలుగైదు కాళ్ళు వణుకుతూ పక్కకు ఒరిగాయి. పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాము పట్టింది," అన్నాడు. "మామ జొన్న తిన్నాయి."

వాన లేక గిడసబారిన లేత జొన్న పశువు తింటే విషమవుతుంది. దాన్నే మా వైపు నాము అంటారు. దానికి బెల్లం నీళ్ళు పోస్తారు. చిన్నాయన జొన్న మోకాలెత్తున ఎండుతూ ఉంది, ఆ పక్కనుంచే మంద వచ్చింది. కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన వస్తూ వస్తూ చిన్నాయన చేను గట్టు మీద నిలబడి, కంచె వేసుకోలేని వాడికి సేద్యమెందుకని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాడు. అది ఊరంతా విన్నది.

మా అత్త కుండలో బెల్లం కలిపింది. ఇంట్లో ఉన్న నీళ్ళు అయిపోయాయి.

"ఇంగో బిందె తీసుకురా, బిరీన," అన్నాడు.

కుంటకు పరుగెత్తాను. బిందె మూతికి కొంగు అడ్డం పెట్టి వడకట్టి నింపాను. తెట్టు కొంగు మీదే ఆగింది, బిందెలో నీళ్ళు కొంచెం పచ్చగా, తేటగానే ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి ఆయన నా చేతిలోనుంచి సగం కుండలోకి వంపుకున్నాడు. పడినవాటికి పోయడం అయిపోయింది. ఇక పడనివాటికి ముందుజాగ్రత్తగా పోస్తానన్నాడు. తమ పిల్లలతో వెనకబడి ఆ పొద్దున రేవు దాకా రాని తల్లిగొర్రెలు నాలుగు ఉన్నాయి. వాటిని ముందు పట్టుకున్నాడు.

అప్పుడు నేను కొట్టం వైపు చూశాను. అక్కడ కాలు విరిగిన గొర్రె ఒకటి పది రోజులుగా కట్టేసి ఉంది. దానికి మేత కొని తెచ్చిన వేరుశనగ కట్టె, కాయలు దూసిన ఎండు మొక్కలు. జొన్న దాని కంటికి కూడా కనబడలేదు. పొద్దున కుంట నీళ్ళు వడకట్టి దాని ముందు పెట్టింది నేనే. అది మెడ చాచి పడుకుని ఉంది, కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

నాకు వెంటనే అర్థమైంది. కానీ వెంటనే చెప్పలేదు.

సగం బిందె చంకలో పెట్టుకుని నిలబడ్డాను. పొరపాటైతే, నా మాట విని మందు ఆపితే, ఆపినందువల్ల గొర్రెలు చస్తే, అనుకున్నాను. పుస్తకం మాట అనుకున్నాను. ఆయన వెదురు గొట్టం ఆ తల్లిగొర్రెల్లో మొదటిదాని దవడలో పెట్టి పోశాడు. రెండోదానికి పోశాడు. మూడోదానికి, నాలుగోదానికి. అయిదోదాని మెడ పట్టుకున్నప్పుడు నా నోరు పెగిలింది.

"ఇది జొన్న తినలే," అన్నాను.

"ఏది?"

"కట్టేసింది. కుంట నీళ్ళే తాగింది. పొద్దున నేనే పెట్టినా."

"నీకేం తెలుసే. బిందె ఇట్ల ఇయ్యి."

బిందెను నేల మీద కుమ్మరించాను. ఆయన చెయ్యెత్తాడు. మా అత్త అప్పటికే కొట్టంలోకి పోయి గొర్రె పెదవి వేలితో ఎత్తి చూస్తోంది.

"రేయ్, దీని నోరు చూడు. పాసి నీళ్ళ పచ్చే. జొన్న యాడిదిరా దీనికి?"

ఆయన చెయ్యి దించాడు. కుండ వైపు చూశాడు. దాన్ని పక్కన పారబోసి అక్కడే కూలబడ్డాడు.

కానీ కూర్చునే వేళ కాదది. నిలబడి ఉన్న గొర్రెలు దప్పికతో వాటంతటవే కుంట వైపు కదులుతున్నాయి. మా అత్త కర్ర తీసుకుని రేవుకు అడ్డం పోయింది. ముసలి మనిషి, ఎంతసేపు ఆపుతుంది? దగ్గరలో వేరే నీళ్ళు ఉన్నది చిన్నాయన బోరులోనే. మా ఆయన అక్కడికి పోలేడు. నేను పోయాను.

చిన్నాయన మోటారు గది ముందు కూర్చుని కరెంటు కోసం చూస్తున్నాడు. వేరుశనగకు కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయం. ఆ రోజు తడి పెట్టకపోతే సగం చేను పోయినట్టే.

విషయమంతా చెప్పాను. ఆయన తొందరపడలేదు.

"నా జొన్న తిని సచ్చినాయని ఊరంతా అరిచినాడు. ఇప్పుడు నా నీళ్ళు కావాల్నా మా అల్లునికి?"

"ఆయప్ప అడగలేదు చిన్నాయనా. నేను అడగతాండా."

"వానికి నోరు పడిపోయిందా?"

"పడిపోయింది."

చేను వైపు చూశాడు. ఎరుపు బల్బు వెలిగింది, కరెంటు వచ్చింది. మోటారు వేసి, చేలోకి పోయే కాలువకు మట్టి అడ్డం వేసి, నీళ్ళను గట్టు పక్కకు తిప్పాడు.

"తోలుకొని రాపో. జొన్న మీద పడకుండా నువ్వే నిలబడు. ఒక్క ఆకు తిన్నా, ఈసారి నేను అరుస్తా."

గొర్రెలు కాలువ పొడుగునా తాగాయి. మా ఆయన మంద వెనకే వచ్చి దూరంగా నిలబడ్డాడు. కరెంటు గంటన్నర ఉండి పోయింది. చేలో చివరి సాళ్ళకు తడి అందలేదు.

మరునాడు పావగడ నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన గొర్రెను కోసి కాలేయం చూపించాడు. కుంట చుట్టూ తిరిగి, అడుగు మట్టిని కర్రతో గీరాడు. పెంట, ఎరువు, కదలని వేడి నీళ్ళు, ఈ మూడూ కలిస్తే ఇలాంటి పాచి పెరుగుతుందని కన్నడంలో చెప్పాడు. అన్ని పాచులూ విషం కావు, ఏది విషమో కంటితో తెలియదు. వడకట్టినా, కాచినా ఆ విషం పోదు. గాలి ఎటు నెడితే అటు చిక్కబడుతుంది.

చిన్నాయన ముందు నోరు విప్పాడు. "విన్నావా, నీ పెంటేనంట."

"డీఏపీ మాట విన్లేదా మామా?"

ఆ విధంగా మాటలు కలిశాయి. తరువాతి వేసవిలో కుంట మళ్ళీ ఎండినప్పుడు చిన్నాయన బండి కట్టాడు. ఇద్దరూ నెల రోజులు అడుగు మట్టి తవ్వి రెండు చేలకూ తోలారు. మా ఆయన ఆ తరువాత మందను కుంటలో ఆపలేదు.

ఇరవై ఆరు గొర్రెలు మిగిలాయి. కొన్నింటికి చెవులూ ముక్కూ ఎండకు పొక్కి తోలు ఊడింది, కానీ బతికాయి. ఆ ఇరవై ఆరు నుంచే మంద మళ్ళీ పెరిగింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆయన చెప్పేవాడు: "ఇది ఆ పొద్దు బిందె కుమ్మరించకుంటే నాకు మంద లేదు." పుస్తకం మీద పరిహాసం కూడా మానుకున్నాడు. పోయినేడు ఆయన పోయాక, పదకొండో రోజు వచ్చినవాళ్ళు ఇదే మాట ఆయన గొంతుతోనే చెప్పుకున్నారు. నేను వింటూ ఊరుకున్నాను.

ఆయన చూసింది కుమ్మరించడాన్ని. దానికి ముందు నేను నిలబడి ఉండటాన్ని చూడలేదు, ఆయన వీపు నా వైపు ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పి ఉంటే బహుశా నవ్వి ఊరుకునేవాడు. రేవుకు దిగకుండా మిగిలిన ఆ నాలుగు తల్లిగొర్రెల్లో మూడు మునిమాపులోగా పోయాయి. వాటి పిల్లలకు నేనే సీసాతో పాలు పట్టాను.