మూడో చుక్క

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట రెండు గదుల బడి ఒకటుంది. అక్కడి పిల్లలు పొద్దున కుడి నుంచి ఎడమకు చదువుతారు, మధ్యాహ్నం ఎడమ నుంచి కుడికి. పొద్దుటిది హీబ్రూ ప్రార్థన, ధర్మశాస్త్రం. మధ్యాహ్నం తెలుగు, లెక్కలు, సైన్సు. రెండు పూటలా టీచరు రెబెక్కమ్మే.

తాము యూదులమని అక్కడి కొద్ది కుటుంబాల వాళ్ళు తాతల నాటి నుంచి చెప్పుకుంటారు. మగవాళ్ళు రొయ్యల గుంటల మీద పనికి పోతారు గానీ ఇంట్లో రొయ్య ఉడకదు. పొలుసున్న చేపే తినాలని వాళ్ళ శాస్త్రం. రెబెక్కమ్మ నాన్న కూడా గుంటల కాపలాదారే. గుంటల్లో గాలి కోసం తిరిగే చక్రాలు నీళ్ళు చిలికే చప్పుడులోనే పెరిగి, ఆమె నెల్లూరులో బీఈడీ చేసింది. హీబ్రూ మాత్రం మేనమామ పక్కన కూర్చుని, ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, బడి వదిలాక చేసుకుందామనుకున్నాను, ఇంకా గంట కొట్టలేదని నవ్వేది.

వారమంతటిలో ఆమెకు ఇష్టమైన వేళ శనివారం సాయంత్రం. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి వాళ్ళకు విశ్రాంతి దినం. పొయ్యి అంటించరు, స్విచ్చు ముట్టరు. మర్నాడు ఆకాశంలో మూడు చుక్కలు పొడిస్తే ఆ దినం వెళ్ళిపోయినట్టు. పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టుకుని, మూడో చుక్క కనబడగానే చెయ్యెత్తి చూపడం రెబెక్కమ్మ పని. అప్పుడు పిల్లలు బడిలోంచి జడలా అల్లిన మైనపు వత్తి, లవంగాల డబ్బీ, ఎండుద్రాక్ష రసం తెస్తారు. వత్తి వెలుగులో గోళ్ళు చూసుకుని, లవంగాల వాసన పీల్చి, కొత్త వారంలోకి నడుస్తారు. దానికి ముందు చుక్క కోసం కాచుకునే ఆ కాసేపూ ఆమెకు నీళ్ళలో తేలుతున్నట్టుండేది. పోయిన వారం ఒడ్డు వెనక్కి పోయింది, వచ్చే వారం ఒడ్డు ఇంకా అందలేదు.

ఆమె తమ్ముడి పేరు సమాధానం. బడి వ్యవహారాలు చూసే అతనికి ఇదంతా దండగనిపించేది.

"శుక్రవారమే ఫోన్లో చూసి బోర్డు మీద టైము రాసిపెడతానక్కా. గడియారం చూసుకుంటే సరిపాయె గదా."

ఆమె ఒప్పుకోలేదు. పొద్దున చుక్కల్ని చేసిన దేవుడి గురించి చదివి, మధ్యాహ్నం ఆ చుక్కలెట్లా మండుతాయో చదివి, సాయంత్రం తలెత్తి చూడకపోతే రెండు చదువులూ ఎక్కడ కలుస్తాయని అడిగింది. సరే, నువ్వొక్కసారి పొరబడితే మటుకు ఇంక గడియారమేనన్నాడు సమాధానం. నవ్వుతూనే అన్నాడు గానీ, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఏడాదిగా ఆమె కళ్ళకు మంచు కమ్మినట్టుంటోంది. బల్బు చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు. దూరాన ఉన్నవన్నీ ఊలుతో అల్లినట్టు మెత్తగా, అంచుల్లేకుండా. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లల సాయంత్రాలు గడియారం కిందికి వెళ్ళిపోతాయి. చూపు తగ్గాక లోకం కలలో కనిపించినంత అందంగా ఉందని కూడా ఒక్కోసారి అనిపించేది.

ఆ శనివారం పడమట ఎరుపు ఆరిపోయింది. ఒకటి, రెండు నడినెత్తిన దొరికాయి. మూడోది తూర్పున, నీళ్ళకు కాస్త పైన, బొద్దుగా వెలిగింది. రెబెక్కమ్మ చెయ్యెత్తింది.

పక్కనే ఖాళీ గంప బోర్లించి కూర్చున్న నాగులమ్మ అటు చూసింది. బడి పిల్లల ఇళ్ళకు పొలుసు చేప ఏరి పెట్టేది ఆమే.

"అది చుక్కెట్టయిద్దమ్మా? మా ఆయన బోటు లైటు గదా. చుక్కయినాడని తెలిస్తే ఇంక కొంపకు రాడు."

పిల్లలెవరూ నవ్వలేదు. ఎవరూ లేవనూ లేదు. రెబెక్కమ్మ చెయ్యి మెల్లగా దించింది. నాగులమ్మ మాట కన్నా ఆ నిశ్శబ్దమే ఆమెకు తగిలింది. ఇన్నాళ్ళ సంగతులు గుర్తొచ్చాయి. ఆమె చెయ్యెత్తాక వారం వారం ఎందుకో వత్తి కనిపించేది కాదు. లవంగాలు ఒలికిపోయేవి, ఏరుకోవాల్సొచ్చేది. ఎవరికో కాల్లో ముల్లు గుచ్చుకునేది. ఆమె మందలించేది, ఇంత నిదానమేంటని.

పిల్లల్లో తనకు దగ్గరగా కూర్చున్న ఎలిశబెతును ఎందుకని అడిగింది. ఆ పిల్ల ఇసుకలో గీతలు గీస్తూ చెప్పింది.

"మీరు ముందుగా చూసేస్తారు టీచరమ్మా. అందుకని మేం మెల్లిగా పోతాం. అసలు చుక్క పొడిచినాకే వత్తి తెస్తాం."

సముద్రం మీది దీపం కొంచెం కదిలింది. చుక్క కదలదు కదా అనుకుంది రెబెక్కమ్మ. ఇన్నాళ్ళూ తను కాపాడుతున్నాననుకున్నదాన్ని, తన వెనక వీళ్ళు కాపాడుతున్నారు. సిగ్గేసింది. ఆ సిగ్గు లోపలే ఎక్కడో హాయిగా కూడా ఉంది, చిన్నప్పుడు నిద్రపోతుంటే ఎవరో దుప్పటి కప్పినట్టు.

"నాకు కనపడడం లేదు. మీరే చూసి చెప్పండి," అంది.

పిల్లలు ఒక్కసారిగా మెడలెత్తారు. పడమటి దిక్కున మిణుకుమనకుండా వెలిగేదాన్ని ఒకడు చూపితే, అది శుక్రుడు, గ్రహం, సైన్సులో చెప్పలేదా అని ఎలిశబెతు కసిరింది. ఇంకొకడు విమానాన్ని చూపించి తిట్లు తిన్నాడు. ఇంతలో సన్నటి మబ్బు ఒకటి వచ్చి ఆకాశాన్ని పల్చగా కప్పింది.

బడి వైపు నుంచి సమాధానం నడిచొచ్చాడు. బోర్డు మీద రాసిన టైము ఎప్పుడో దాటిందని చెప్పాడు. ఎవరూ తల దించలేదు.

"సోమవారం నన్ను నెల్లూరు తీసకపోరా, కంటాసుపత్రికి," అంది రెబెక్కమ్మ. "పొర కమ్మినట్టుండాది. పొరబడినాను కూడా."

అతను అక్క కళ్ళలోకి చూశాడు, తర్వాత పిల్లల్ని. గడియారం మాట మళ్ళీ ఎత్తలేదు. చెప్పులు విడిచి ఆమె పక్కన ఇసుకలో కూలబడ్డాడు.

"యాడమ్మే, ఏ వైపు చూడాల?" అని అడిగాడు ఎలిశబెతును.

ఆ పిల్ల అతని గడ్డం పట్టుకుని పైకి తిప్పింది. రెబెక్కమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అలల చప్పుడులో, ఆ చిన్న గొంతుల్లో ఒకటి మూడో చుక్క కనబడిందని అనేదాకా అట్లాగే ఉండిపోయింది.