ఒక్క గీత, పక్కన సంతకం

ఇంటర్ బైపీసీ పాసైన ఆ వానాకాలంలో నా డిగ్రీకి ప్లాను వెయ్యనివాళ్ళు బోరబండలోని మా గల్లీలో ఒక్కరూ లేరు. కిరాణా దుకాణం ఆయన నర్సింగ్ మేలన్నాడు. పక్కింటి పెద్దమ్మ ఆడపిల్లకు బీకాం చాలంది. తలా ఒక మాట. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నాకప్పుడు కోపం ముక్కు మీదే ఉండేది. "అయితే మీరే చదువుండ్రి పోయి!" అని తలుపేసుకునేదాన్ని.

మా నాయన హైటెక్ సిటీలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. అమ్మ అదే కంపెనీలో హౌస్‌కీపింగ్. అందరి ప్లాన్ల కన్నా నాయనది గట్టిది. తెలుగు మీడియంలో బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఆ తర్వాత బీఈడీ.

"తెలంగాణ అచ్చుడు పక్కా. అస్తే టీచర్ పోస్టులు మస్తు పడ్తయి. అప్పటికి నువ్వు తయారుగుండాలె బిడ్డా" అనేవాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని అమ్మ నవ్వేది. ఆయనకు ఉక్రోషం వచ్చి టీవీలో ఉద్యమం వార్తల సౌండు ఇంకాస్త పెంచేవాడు.

నాకు కావలసింది మైక్రోబయాలజీ. కారణం చెబితే మీరూ నవ్వుతారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో క్లాసంతటికీ కలిపి ఒక్క మైక్రోస్కోపు. ఉల్లిపొర స్లైడు చూడటానికి లైన్లో నిలబడ్డాం. నా వంతు వచ్చింది, కన్ను పెట్టాను, గదులు గదులుగా కణాలు, ఒక్కో గదిలో ఒక్కో చుక్క. అబ్బ, అనుకునేలోపే "చూసినవు కద, ఇగ జరుగు" అంది మేడమ్. నేనింకా చూడనేలేదు! ఆ 'జరుగు' మీద కోపం నాకు ఏళ్ళ తరబడి పోలేదు. మైక్రోబయాలజీ వాళ్ళకు వారానికి రెండు రోజులు ప్రాక్టికల్సే ఉంటాయని, మనిషికో మైక్రోస్కోపు ఇస్తారని ఒక సీనియర్ అక్క చెప్పింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

చిక్కల్లా ఒకటే. ఆ గ్రూపు ఇంగ్లీషు మీడియంలోనే ఉంది, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. అందుకని నా ప్లాను నేనే వేసుకున్నాను. కంపెనీలో పారేసే ఒకవైపు ప్రింటు కాగితాలు అమ్మ తెచ్చేది. వాటి వెనక మూడేళ్ళ సబ్జెక్టులూ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం రాసుకున్నాను. ఒక్కో సబ్జెక్టు కింద రాబోయే ఇంగ్లీషు మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు. అట్లా పన్నెండు కాగితాలు నిండాయి. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే వాటికీ తలా ఒక మాట అంటారని భయం.

అప్లికేషన్ ఫారం మాత్రం నాయనే నింపాడు. ఇంగ్లీషు పెద్దక్షరాలు తనకు ముత్యాల్లా వస్తాయని ఆయన నమ్మకం, అది నిజమే. గ్రూపు గడిలో బీజెడ్‌సీ, మీడియం గడిలో తెలుగు. పొద్దున్నే చూసి ఇల్లు పీకి పందిరేశాను.

"ఇంగ్లీషుల ఫెయిలైతే నా మొకం యాడ వెట్టుకోవాలె?" అని ఆయనా అరిచాడు.

ఫారం ఇవ్వడానికి అదే ఆఖరు తేదీ. ఆయనకు వీక్లీ ఆఫ్ కూడా ఆ రోజే దొరికింది. కానీ ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, రైళ్ళూ లేవు.

"బంద్ నాడు కాలేజీ ఉండదు నాయినా" అన్నాను.

"గేటుకు బంద్ ఉంటదా? బంద్ నాడు నేను డ్యూటీ చేస్తలేనా?" అన్నాడు. ఎన్ని బందులైనా తన గేటు తెరిచే ఉండేది కాబట్టి లోకంలో ప్రతి గేటూ అంతేనని ఆయన లెక్క.

కాలేజీ ఉన్న కొత్తగూడ దాకా నడిచాం. రోడ్ల మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. దారంతా నాయన ముందు, నేను పదడుగులు వెనక. తీరా చూస్తే కాలేజీ గేటుకు ఇంత తాళం.

లోపలి నుంచి వాచ్‌మన్ వచ్చి నాయన్ని ఎగాదిగా చూశాడు. "ఏందన్నా, బంద్ నాడు కాలేజీ యాడిది? తేదీ జరుపుతరు గని, ఎల్లుండి రా. జర కూసో, నీళ్ళు తాగు."

నాయన ముఖం చిన్నబోయింది. మెట్టు మీద కూలబడి, చెమటకు ఫారం తడిసిందేమోనని ఫైలు తెరిచాడు. పొద్దున కోపంలో, కాలేజీవాళ్ళకైనా చూపిద్దామని నేను అదే ఫైల్లో దోపిన నా కాగితాలు బయటపడ్డాయి. ఆయన ఒక్కొక్కటీ తిప్పాడు. పన్నెండూ చదివాడు.

"గివన్ని నువ్వే రాసినవా?"

"మరెవరు రాస్తరు?"

కాగితాల అంచులు సరిచేసి మళ్ళీ ఫైల్లో పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నాకు ఇంగ్లీషు ఎవడు నేర్పిండు బిడ్డా? వచ్చెటోళ్ళ కార్డులు సూస్కుంట, విజిటర్ రిజిస్టర్ల ఒక్కొక్క అక్షరం దించుకున్న. గేటే నేర్పింది."

జేబులోంచి పెన్ను తీశాడు. రిజిస్టర్లో తప్పు పడితే దిద్దకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు. రాసింది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. అది ఆయన డ్యూటీ రూలు. ఇంట్లో క్యాలెండర్ మీద గ్యాసు వచ్చిన తేదీ తప్పు రాసినా అట్లాగే చేసేవాడు, మేం ఏడిపించేవాళ్ళం. ఇప్పుడు ఆ ముత్యాల బీజెడ్‌సీ మీద ఒక్క గీత కొట్టాడు. తెలుగు మీడియం మీద ఇంకో గీత. రెండింటి పక్కనా బుల్లి సంతకాలు. పెన్ను నా చేతికిచ్చాడు.

"ఇగ నువ్వు రాయి."

రాశాను. ఒళ్ళో ఫైలు మీద పెట్టి రాసేసరికి అక్షరాలు వంకర పోయాయి.

"నాలెక్క రాస్తలేవు గని, నడుస్తది" అన్నాడు. వాచ్‌మన్ పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మూడో రోజున ఫారం తీసుకున్న క్లర్కు కొట్టివేతలు చూసి మొహం చిట్లించాడు గానీ, సంతకాలున్నాయని ఊరుకున్నాడు.

డిగ్రీలో మొదటి ప్రాక్టికల్ రోజున నా ముందు నాకంటూ ఒక మైక్రోస్కోపు ఉంది. మైక్రోబయాలజీ మేడమ్ రికార్డు రాసే పద్ధతి చెబుతోంది: "తప్పు పడితే దిద్దకండమ్మా, రబ్బరు వాడకండి. రాసింది కనిపించేలా ఒక్క గీత, పక్కన సంతకం. ఇది మీకెవరూ నేర్పి ఉండరు."

నేను చెయ్యెత్తాను. "మా నాయిన నేర్పిండు మేడమ్" అన్నాను.