జిన్నింగ్ మిల్లు మేస్త్రీ, మా మాన్యువల్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, మార్కెట్ యార్డుకు కొత్త పత్తి వచ్చే రోజుల్లో నన్ను ఆదోనికి వేశారు. నేను క్లినికల్ సైకాలజిస్టును, అంటే మందులు రాయకుండా మాటలతో మానసిక చికిత్స చేసే మనిషిని. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. దిగులుతో నిద్రపట్టని కూలి ఆడవాళ్ళకు ఒకానొక చికిత్స పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధన అది. మనిషిని ఒంటరిగా, తలుపు వేసి కూర్చోబెట్టాలి. భయం పుట్టించే 'తప్పు ఆలోచన'ను పట్టుకుని సరిదిద్దాలి. ఏం అడగాలో, ఎలా అడగాలో అంతా రాసి మాకిచ్చిన పుస్తకం, మాన్యువల్, దాని గీత దాటితే ఆ కేసు లెక్కలోకి రాదు.

పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే మారెమ్మ పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో కూలి. మేస్త్రీ ఆమెను ఒక్కదాన్నే పత్తి గోదాములోకి రమ్మంటాడు, రాకపోతే పని లేదంటాడు. ఆ భయంతో ఆమెకు కంటి మీద కునుకు లేదు. అతని గురించి నీకు వచ్చే ఆలోచన ఎంతవరకు నిజం అని మాన్యువల్ అడగమంది, అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఆలోసన యాడిది మేడం? ఆయప్ప గోదాము వాకిట్లోనే నిలబడుకోని ఉంటాడు. నిజమో కాదో నువ్వే వచ్చి సూడు," అంది.

ఆ మిల్లులో ఆడవాళ్ళు జట్టుగా పనికి కుదురుతారు. ఒకే ఆటోలో వచ్చి, కలిసి పనిచేసి, కలిసి పోతారు. రెండోసారి మారెమ్మ జట్టునంతా వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళను బయటికి పంపడానికి నాకు మనసొప్పలేదు. ఆమె చెప్పింది విని ఇంకొకామె, తనకూ అదే జరిగిందంది. జట్టులో పెద్దదైన ఈరమ్మ మారెమ్మను కసిరింది.

"ఇన్నాళ్ళు మాకెందుకు సెప్పలేదే? ఆయప్పను తీసేదాకా ఎవరమూ పనికి పోయేది లేదు."

జట్టంతా పని మానేసింది, మిల్లులో పత్తి గుట్టలుగా పడి ఉంది. యజమాని దిగొచ్చి మేస్త్రీని తప్పించాడు. మారెమ్మకు నిద్ర పట్టింది.

ఇదంతా రాసి పంపితే నగరం నుంచి మా పరిశోధనాధిపతి ఫోన్ చేశారు. మారెమ్మ చికిత్స మధ్యలో మానేసినట్టు చూపిస్తామన్నారు. నయమైంది కదండీ అన్నాను. నయమైంది పరిస్థితి మారినందువల్ల, చికిత్స వల్ల కాదన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడదాన్ని గోదాములోకి పిలిచేవాణ్ణి వదిలేసి, ఆమె బుర్రను బాగుచెయ్యమనడం ఏం వైద్యం? ఒంటరిగా మాట్లాడటం, జట్టుతో మాట్లాడటం, మిల్లుతో పోట్లాడటం అన్నీ చికిత్సలోవేనని, ఎవరికి ఏది పనికొచ్చిందో ఆ ఆడవాళ్ళనే అడిగి రాద్దామని వాదించాను. అది పరిశోధన కాదు, ఉద్యమం అన్నారాయన. ఉద్యమమన్న మాటను తిట్టులా వాడటం ఆ పెద్దమనిషి దగ్గరే విన్నాను.

తర్వాత తెలిసింది, యజమాని ఆ మేస్త్రీని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, ఎమ్మిగనూరులోని తన ఇంకో మిల్లుకు మార్చాడు. కొన్నాళ్ళకు అక్కడి నుంచి ఒకామె వచ్చింది, నిద్ర లేదని. మాన్యువల్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి అన్నారు అధిపతి. నేను మాత్రం ఆమెను, మీ జట్టులో ఎవరెవరున్నారని అడిగాను. ఆమె కేసు కూడా లెక్కలోకి రాలేదు.

ఆ పోస్టింగులో నాకు తెలిసింది ఇది. వాకిట్లో నిలబడ్డ మనిషిని బాధితురాలి తలలో వెతికే చికిత్స ఆ మనిషికే మేలు చేస్తుంది.