గులాబీతో ఆర్పిన కొవ్వొత్తి

మంగళవారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మా హౌస్‌మదర్ పోయారు" అంది.

మా ఆఖరి చెల్లెలిని పన్నెండో ఏట అమెరికాకు, నేనుండే అల్ఫారెట్టాకు తీసుకొచ్చి నేనే పెంచాను. కాలేజీకి వెళ్లాక సోరోరిటీలో చేరతానంది. అమ్మాయిలు ప్రమాణం చేసి, ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లలా ఉంటారట. "నేనుండగా నీకింకా అక్కలెందుకే?" అన్నాను.

ఆ ఇంటికి పెద్దదిక్కు ఈవిడ. ఎంత ఎండలోనైనా స్వెటర్ గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. ఏ గది తలుపైనా రెండుసార్లు తట్టి, పిలిచేదాకా బయటే నిలబడేవారు. అక్కడి ఆనవాయితీలన్నీ ఆవిడకు కంఠస్థం. కొత్తగా చేరిన పిల్లలతో "ముందు నేర్చుకోండి, తర్వాత నవ్వండి" అనేవారు.

వాటిలో ఒకటి కొవ్వొత్తి. ఎవరికైనా పెళ్లి కుదిరితే ముందుగా పేరు చెప్పరు. అందరూ గుండ్రంగా నిలబడి, వెలిగించిన కొవ్వొత్తిని చేతులు మారుస్తారు. ఎవరు ఊదితే పెళ్లి వాళ్లది. చివరి ఏడాది మా చెల్లెలి వంతు వచ్చింది.

"పెళ్లిమాట చెబుతూ నోటితో దీపం ఊదుతావుటే?"

"అక్కా, ప్లీజ్! ఊదకపోతే అనౌన్స్ చేసినట్టే కాదు. ఇన్నాళ్లకి వాళ్లలో ఒకదాన్నయ్యాను. మళ్లీ నేనొక్కదాన్నే వేరా?"

నాకు మనసొప్పలేదు. అలాగని దాన్ని వాళ్లకు దూరం చేయనూలేను. హౌస్‌మదర్ దగ్గరికే వెళ్లి చెప్పాను.

"మరి మీ ఇంట్లో దీపం ఎలా ఆర్పుతారు?" అని అడిగారు. పువ్వుతో కొండెక్కిస్తామన్నాను. ఆవిడ అన్నారు: "ఆ సాయంత్రం మీరూ రండి. కానీ వంటింట్లో కూర్చోవాలి. మిమ్మల్ని చూస్తే ఎవరి పెళ్లో తెలిసిపోతుంది."

తలుపు సందులోంచి చూశాను. కొవ్వొత్తి రెండోసారి చెల్లెలి చేతికి వచ్చేసరికి, ఆవిడ పూలకూజాలోంచి ఒక గులాబీ తీసి, తడి దులపకుండానే దానికి అందించారు. చెల్లెలు వత్తి మీద అద్దింది. చుయ్‌మంది. పిల్లలంతా కేకలు. ఒకమ్మాయి మాత్రం "ఇది మన పద్ధతి కాదు కదా!" అంది.

"నిన్నటిదాకా కాదు" అన్నారావిడ.

తర్వాత వంటింటి తలుపు రెండుసార్లు తట్టారు. "ఇక బయటికి రావచ్చు, అక్కా." నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్ద. అప్పటినుంచీ నన్ను అలాగే పిలిచారు.

మంగళవారం సాయంత్రం ఆవిడ పేరున దేవుడి దగ్గర దీపం పెట్టాను. కొండెక్కించే వేళకు పువ్వు చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పళ్లెంలో పెట్టేసి, ప్రమిదలో ఇంకాస్త నూనె పోశాను.