ఎక్కడికని అడగకూడదు

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. మా నాయనమ్మ పెట్టిన ఆంక్ష ఇది. అడిగితే పని చెడుతుందట. పొరపాటున అడిగేశామా, ఆ మనిషి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఫార్మసీ చదివాను, పిస్కాటవే అనే ఊళ్ళో పదిహేనేళ్ళు మందుల కంపెనీలో పనిచేశాను. అయినా ఈ చాదస్తం నన్ను వదల్లేదు.

మా ఆవిడ కనకదుర్గ దీనికి అలవాటు పడిపోయింది. 2006లో ఫ్లోరిడా కొసన ఉన్న బిగ్ పైన్ కీ అనే ఈ దీవికి వచ్చాం. నాకు ఇక్కడి మందుల షాపులో ఉద్యోగం. ఆవిడకి మొదటి ఏడాది ఏమీ తోచలేదు. రెండో ఏడాది చేపలు పట్టడానికి పసుపుపచ్చ కయాక్ కొనుక్కుంది, ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. నలభై ఎనిమిదేళ్ళ వయసులో! నాకు ఈత రాదు, నీళ్ళంటేనే భయం. "హాయిగా ఇంట్లో ఉండక ఈ గాలాలెందుకే?" అన్నాను. నవ్వేసింది.

మా ఇంటి వెనక కాలువ గట్టున రెండు డబ్బాలుండేవి. వాటిలో గాలి బుడగలు కొట్టే చిన్న మోటార్లు. ఒకదాన్లో బతికున్న రొయ్యలు, రెండోదాన్లో వేలెడంత చేపపిల్లలు. ఎర చచ్చిపోతే పెద్ద చేప దాని మొహం కూడా చూడదట. శనివారం తెల్లవారుతూనే వెళ్ళేది. సాయంత్రం వరండాలో తల దువ్వుకుంటూ చెప్పేది.

"నీళ్ళు ఎంత తేటగా ఉంటాయనుకున్నారు! పడవ గాల్లో తేలుతోందేమో అనిపిస్తుంది. దాని నీడ కింద ఇసుకమీద నాతోపాటే వస్తుంటుంది. రొయ్యని గుచ్చి వదిలితే ఈదుకుంటూ పోతుంది. దారం నా వేలిమీద చిన్నగా కొట్టుకుంటుంది, నాడి చూసినట్టు. అప్పుడు నా పేరు కూడా గుర్తుండదండీ."

నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేవాడిని. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

2009 మే నెలలో ఒక శనివారం "వెళ్ళొస్తానండీ" అంది. ఎప్పటిలాగే ఎక్కడికని అడగలేదు. పదకొండుకల్లా వచ్చేసే మనిషి రెండైనా రాలేదు. ఫోన్ చేస్తే పలకలేదు. మూడింటికి కోస్ట్‌గార్డ్‌కి కాల్ చేశాను. ఒక ఆఫీసరు మా గట్టుకే వచ్చి, ఎటు వెళ్ళిందని అడిగాడు.

"ఐ డోంట్ నో, సర్."

"షి డిడ్‌న్ట్ టెల్ యూ?"

"ఐ నెవర్ ఆస్క్."

అతను నన్ను వింతగా చూసి మ్యాప్ పరిచాడు. ఆవాలు చల్లినట్టు దీవులే దీవులు. నాయనమ్మా, నీ ఆచారం తగలెయ్య! గట్టుమీద కూలబడ్డాను. ఎదురుగా ఆ రెండు డబ్బాలు. చేపపిల్లల డబ్బా నిండుగా ఉంది. రొయ్యల డబ్బా ఖాళీ.

"రొయ్యలు మడచెట్ల దగ్గరికండీ, చేపపిల్లలు పాత వంతెన దగ్గరికి." ఎన్ని సాయంత్రాలు చెప్పిందో! విననే లేదనుకున్నాను గానీ, మాట చెవిలోనే ఉంది.

"మాంగ్రోవ్స్! నాట్ ద బ్రిడ్జ్!" అని అరిచాను.

అయిదున్నరకి వాళ్ళ పడవలో తీసుకొచ్చారు. నా ప్రాణం లేచొచ్చింది. పోటు నీళ్ళతో మడచెట్ల మధ్యకి వెళ్ళిందట. నీళ్ళు తీసేసరికి కయాక్ బురదలో దిగబడిపోయింది, ఫోన్ తడిసి చచ్చింది. మొహమంతా ఎండకి కమిలిపోయి ఉంది.

"భయమేసిందా?" అన్నాను.

"మొదట్లో వేసింది. తర్వాత మిగిలిన రొయ్యల్ని వదిలేసి కూర్చున్నా. ఓ తెల్లకొంగ వచ్చి పక్కన నిలబడింది. అంతా కలలా ఉంది. మీరు వెతుక్కుంటూ వస్తార్లే అనుకున్నా. ఎక్కడికెళ్ళానో మీకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపొచ్చిందండీ."

నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మరుసటి శనివారం తెడ్డు పట్టుకుని మెట్లు దిగింది. పడవ గట్టు వదిలాక అడిగేశాను.

"కనకం, ఎక్కడికి?"

పడవ తిప్పుకుని వచ్చింది. మెట్టుమీద కూర్చుని చెయ్యి చాపింది. పరుగున వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాను. మొత్తం తాగి, "పాత వంతెన దగ్గరికి. పదకొండుకి వస్తా" అంది.

ఇప్పటికి ఆరేళ్ళయింది. ప్రతి శనివారం గ్లాసు ముందే నింపి పెట్టుకుని అడుగుతున్నాను.