మాస్టారు ఏం విన్నారో

మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి మా కొట్టుకి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు బేరం మధ్యలో ఉన్నాను. "ఇదే రంగులో ఇంకోటి చూపించండి" అంటున్న ఆవిడకి ఆ చీర తీసి చూపించాకే కూలబడ్డాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

మంగళగిరిలో చీరల కొట్టు నాది. తొంభైల చివర్లో, యాభై ఒకటో ఏట, పాట నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. చిన్నప్పుడు బడి ప్రార్థనలో పంతులమ్మగారు "నువ్వు పెదాలు కదుపు, చాలు" అన్నారు. నలభై ఏళ్ళు అలాగే కదిపాను. బెజవాడలో, బెంజ్ సర్కిల్ వెనక సందులో, సంగీతం చెప్పే పెద్దాయన ఉన్నారని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కాను.

"ఈ వయసులో గొంతు పలుకుతుందంటారా?" అని అడిగాను.

నా నోటి వైపే చూస్తూ విన్నారు. "గొంతు ముదరలేదండీ, సిగ్గు ముదిరింది. కూర్చోండి."

ఆరేళ్ళు వెళ్ళాను. సరళీ స్వరాలకే ఏడాది పట్టింది. హార్మోనియం మీద అరచెయ్యి ఆనించి, నా గొంతు వైపు చూస్తూ కూర్చునేవారు. ఒక్కరోజూ విసుక్కోలేదు. "శ్రుతిలోనే ఉన్నారు, కానివ్వండి" అనేవారు. పాఠం అయ్యాక బత్తాయి ఒలిచి, గింజలు తీసి, తొనలు నా చేతిలో పెట్టేవారు. ఆయన మాట పట్టుకునే, ఇంట్లో పిల్లలు నవ్వినా పాడాను. మేనకోడలి పెళ్ళిలో నలుగురి ముందూ పాడాను.

పెద్దకర్మ రోజున వాళ్ళమ్మాయిని అడిగాను. "నా పాట గురించి ఎప్పుడైనా ఏమన్నా అన్నారామ్మా?"

"నాన్నకి వినబడేది కాదు కదండీ."

"ఎప్పట్నించి?"

"కుడిచెవి ఎప్పుడో పోయింది. మీరు చేరేసరికి రెండోది కూడా అంతంతమాత్రమే. మీకు తెలీదా? మిగతావాళ్ళందర్నీ మాన్పించేశారు. మిమ్మల్నొక్కర్నే రమ్మన్నారు."

"నన్నెందుకు మరి?"

"నేనూ అడిగానండీ. 'ఆయన పాడుతుంటే నాకు తెలుస్తోందే' అన్నారు. ఏం తెలుస్తోందో చెప్పలేదు."

కోపం తెచ్చుకోవాలో ఏడవాలో అర్థం కాలేదు. జాలిపడి అబద్ధమాడారా? అయితే ఒకసారి "ఆగండి, గాంధారం జారింది" అని ఆపారే, అది నిజంగానే జారిందే! విని పట్టుకున్నారా, చూసి పట్టుకున్నారా? మీకేమైనా తోస్తే చెప్పండి. ఏది నిజమైనా నా చేత నోరు తెరిపించింది ఆయనే. దానికి దణ్ణం పెట్టడం తప్ప నాకింకేం తెలియదు.

"నాన్న ఫొటో ముందు ఒక్కటి పాడండి బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి. పాడాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అది పాటకో, మనిషికో.

తిరుగు బస్సు వారధి ఎక్కింది. నాకు తెలియకుండానే పైకి పాడుతున్నట్టున్నాను. పక్క సీటులో పెద్దమనిషి పేపరు మడిచి నా వైపు చూశాడు. బాగుందనా, ఆపమనా? అడుగుదామనుకుని, అడగకుండా చరణంలోకి వెళ్ళిపోయాను. ఆయన కిటికీ అద్దం జరిపాడు. కింద కృష్ణలో నీళ్ళు తగ్గి ఇసుక తేలింది. ఆ ఇసుక మీద ఎవరో ఆరేసిన బట్టలు గాలికి ఒక్కొక్కటే లేస్తున్నాయి.